తాత గొంగడి, నల్లపిల్ల గజ్జి

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఈమధ్య ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. తెచ్చిన కొన్నాళ్లకే దానికి ఒళ్లంతా దురద పట్టుకుంది, చెవుల అంచుల్లో వెంట్రుకలు రాలడం మొదలైంది. ఎవరో చెప్పారని ఏదో సహజమైన నూనె తెప్పించింది. చిన్న నల్ల సీసా, మీద ఆకుల బొమ్మ. ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు నా ముందే మూత తీసి, "ఛీ, ఏం కంపు! పాడైపోయిన సరుకు అంటగట్టారు" అని ముక్కు మూసుకుంది. నేను సీసా తీసుకుని వాసన చూశాను. సరుకు బాగానే ఉంది. అది కానుగ నూనె. ఆ వాసనకు ఆకలయ్యే మనుషులు ఉంటారంటే ఎవరూ నమ్మరు గానీ, నాకు నిజంగానే ఆకలైంది. మా అవ్వ ఆ నూనె పూసిన చేతులనే కడుక్కొచ్చి నాకు జొన్నరొట్టె తుంచి పెట్టేది. సబ్బుతో ఎంత రుద్దినా ఆ చేదు వాసన గోళ్ల సందుల్లో ఉండిపోయి రొట్టెతో పాటు వచ్చేది.

మాది దేవరకొండకూ అచ్చంపేటకూ నడుమ, గుట్టల మధ్య ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో సంగతి. నేను ఆరో తరగతో ఏడో తరగతో చదువుతున్నాను. అంటే మరీ పాత కాలమేమీ కాదు. కానీ ఈ కొద్ది ఏళ్లలోనే ఆ లోకం ఎటు పోయిందో పోయింది. అప్పుడు గొర్రెల మందలు పడుకున్న మెట్ట చెలకల్లో ఇప్పుడు రంగు రాళ్లు పాతి ప్లాట్లు కోశారు. మందను నడిపినవాళ్ల మనవలు ఆ ప్లాట్లను చూపించడానికి కార్లలో మనుషుల్ని తిప్పుతున్నారు. నాకు కోపం రావాలో నవ్వాలో తెలియదు.

మా తాత గొర్రెల కాపరి. ఆయన ఆస్తి అంతా ఒక మంద, ఒక కర్ర, ఒక గొంగడి, ఒక ఆడ కుక్క. కుక్క నల్లగా ఉండేది, మేం దాన్ని నల్లపిల్ల అనేవాళ్లం. గొంగడి గొర్రెబొచ్చుతో నేసిన నల్లటి కంబళి. చింతగింజల గంజి పట్టించి ఎండబెడితే అట్టలా బిర్రుగా నిలిచేది, వాన నీళ్లు దాని మీద నుంచి జారిపోయేవి. తాతకు వానలో గొడుగూ అదే, చలిలో దుప్పటీ అదే, చెలకలో మంచమూ అదే. గొర్రెల వాసన, చుట్ట వాసన, పొగ, చెమట, తడిసిన మట్టి, అన్నీ కలిసి ఒక్క వాసనగా అందులో ఉండేవి. ఆ వాసనే మా తాత.

తొలకరి వానలప్పుడు తాత పోయాడు. మా నాన్న, మేం బాపు అంటాం, అప్పటికే ఆటో నడుపుతున్నాడు. మందను చూసే మనిషి లేక గొర్రెలను సంతలో అమ్మేశాడు. కుక్కను మాత్రం ఎవరు కొంటారు? పని పోయిన నల్లపిల్ల మా ఇంటి అరుగెక్కి పడుకుంది.

మా దిక్కు పోయిన మనిషి బట్టలూ పడకా ఇంట్లో ఉంచుకోరు. దినాలలోపే ఇచ్చేయాలి, లేదా ఊరి బయట వదిలేయాలి. అవ్వ తాత పంచెలిచ్చింది, చెప్పులిచ్చింది, మంచమూ ఇచ్చింది. గొంగడి మాత్రం ఇవ్వలేదు. అది తెచ్చి అరుగు మీద పరిచింది, నల్లపిల్ల దాని మీద చుట్టుకుని పడుకుంది. మా బజారులోని ఆడవాళ్లు వచ్చి, "వదినె, పోయినోని గొంగడి ఇంట్ల ఉంచొద్దు, కీడు" అన్నారు.

"మీ ఇంట్ల ఉంచిన్నా? నా ఇంట్ల ఉన్నది. నడువుండ్రి" అంది అవ్వ.

అవ్వకు కోపం ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేది. చేతుల నిండా పచ్చబొట్లు, పొట్టి మనిషి, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినపడేది. పొద్దున్నే గొంగడి దులిపి మొహం దగ్గర పెట్టుకుని ఒక్కసారి గట్టిగా గాలి పీల్చేది. నేను చూస్తున్నానని తెలిస్తే, "ఏం జూస్తున్నవ్, బడికి పో" అని అరిచేది.

బతుకమ్మ పండుగ దగ్గరపడ్డ రోజుల్లో నల్లపిల్లకు గజ్జి మొదలైంది. ముందు చెవుల అంచులు, తర్వాత మోచేతులు, ఆ తర్వాత పొట్ట కింద. గోక్కుని గోక్కుని రక్తం తీసుకునేది. అప్పటికే అది కడుపుతో ఉంది. బజారులోని ఆడవాళ్లకు మాట దొరికింది. "చెప్తే విన్నదా? గొంగడి కీడు కుక్కకు గొట్టింది, రేపు ఇంటోళ్లకు గొడ్తది" అన్నారు. అవ్వ వాళ్లకు వినపడేలాగే కానుగ గింజలు దంచడం మొదలుపెట్టింది.

ఎండాకాలమంతా చెలక గట్ల మీద కానుగ చెట్ల కింద ఏరిన కాయలవి. పగలగొట్టి, గింజలు ఎండబెట్టి, గంపలో దాచి ఉంచేది. వాటిని పెంకు మీద కొంచెం వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి మరిగిస్తే నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో నెమ్మదిగా తీసి సీసాకు ఎత్తేది. ఆ వాసనకు మా అమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని వంట చేసేది. రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తాం, పండుగకు ఆ రొట్టెలు అదే పొయ్యి మీద కాల్చాలి మరి. ఆ ఏడు మా మలీద ముద్దలు కొంచెం చేదుగా ఉన్నాయని నా అనుమానం. ఆ మాట అన్నవాళ్లు లేరు. అవ్వ ముందు అనే ధైర్యం ఎవరికుంది?

నల్లపిల్లకు వైద్యం ఒక పద్ధతిలో సాగేది. వేపాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా అయ్యాక పోసి కడగడం, ఎండలో పూర్తిగా ఆరనివ్వడం, తర్వాత కానుగ నూనెలో కొంచెం కొబ్బరినూనె, చిటికెడు పసుపు కలిపి వేళ్ల కొసలతో రుద్దడం. కళ్ల దగ్గరికి, నోటి దగ్గరికి పోనిచ్చేది కాదు. పుళ్లున్న చోట వేలు ఆనీ ఆనకుండా తిప్పేది. నూనె ఇంకేదాకా అది నాక్కోకుండా మూతి నా ఒళ్లో పెట్టుకుని పట్టుకోవడం నా పని. కసురుకోవడం తప్ప తెలియని మా అవ్వ ఆ కుక్కతో మాట్లాడే గొంతు విని నేను ఆశ్చర్యపోయేదాన్ని. "అయిపాయె తల్లీ, అయిపాయె, జర ఓర్సుకో" అనేది. నాకు జ్వరమొచ్చినా అంత మెత్తగా మాట్లాడలేదు. నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

పక్కింట్లో అందరూ చిచ్చా అని పిలిచే ఒకాయన ఉండేవాడు. ట్రాక్టర్లు బాగు చేసే మేస్త్రీ, తాతకు దోస్తు. ఒకరోజు షెడ్డు నుంచి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"వదినె, గీ కానుగతోని ఏం గాదు. గిది ట్రాక్టర్ పాత ఇంజన్ ఆయిల్. ఒక్కసారి పూసినమంటే గజ్జి ఖతం. మా అన్న కుక్కకు గిట్లనే పూసిండ్రు."

"గజ్జి పోయిందా, కుక్క పోయిందా?" అని అడిగింది అవ్వ.

చిచ్చా గడ్డం గోక్కున్నాడు. "రెండూ పోయినయ్ వదినె" అన్నాడు, ఉన్నమాట దాచడం చేతకాని మనిషి. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. డబ్బా పట్టుకుని వెళ్లిపోయి, కాసేపటికి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె సీసా తెచ్చి ఇచ్చాడు. ఇంకెవరో పత్తికి కొట్టే మందు నీళ్లలో కలిపి పోయమని చెప్పారు. వాళ్లను మాత్రం అవ్వ గడప ఎక్కనివ్వలేదు.

నేనూ ఒక వైద్యం కనిపెట్టాను. సీతాఫలాల కాలం. గడ్డిలో మగ్గబెట్టిన కాయలు తిని తిని మా ఇంటి ముందు గింజలు కుప్ప పడేవి. ఆ గింజల పొడి పేలను చంపుతుందని బడిలో ఎవరో చెప్పారు. పేలను చంపేది గజ్జి పురుగును చంపదా అని రాయి మీద నూరుతుంటే అవ్వ చూసి పరుగున వచ్చింది. వీపు మీద ఒక్కటి ఇచ్చి, బిందెడు నీళ్లు నా చేతుల మీద కుమ్మరించింది. "కండ్లల్ల పడితే కండ్లు పోతయే పోరీ! దానికీ పోతయ్, నీకూ పోతయ్! చెట్టుకు కాసిందల్లా మందనుకున్నవా?" అని తిట్టింది. ఆ సాయంత్రం అన్నింటికన్నా పెద్ద సీతాఫలం నా చేతిలో పెట్టింది గానీ తిట్టినందుకని చెప్పలేదు.

నూనె రాసినన్నాళ్లు గజ్జి తగ్గినట్టే ఉండేది. పొక్కులు మాడి, కొత్త వెంట్రుకలు మొలిచేవి. అవ్వ బజారంతా పిలిచి చూపించేది. కొద్దిరోజుల్లో మళ్లీ మొదటికొచ్చేది. అవ్వకు తల కొట్టేసినట్టయ్యేది. ఇంకా ఎక్కువ గింజలు దంచేది.

ఇంతలో అమ్మ నాకు తలస్నానం చేయిస్తూ నా మోచేతుల మీద, నడుము చుట్టూ ఎర్రటి పొక్కులు చూసింది. బడి నుంచి రాగానే గొంగడి మీద నల్లపిల్ల పక్కన దొర్లడం నా అలవాటు. దురద ఉన్నా చెబితే దాన్ని ముట్టుకోనివ్వరని దాచాను. అమ్మ ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పదు. ఆ రోజు చెప్పింది. "అత్తమ్మా, నాకు నా పిల్ల ముఖ్యం. కుక్కన్న ఉండాలె, మేమన్న ఉండాలె."

బాపు అన్నాడు: "అమ్మా, వచ్చే సంతదాకా చూస్త. తగ్గకుంటే ఆటోల ఏసుకపోయి అచ్చంపేట అడవి మొదట్ల ఇడిచొస్త. నాకూ బాధే, ఏం జేస్త మరి."

కడుపుతో ఉన్న కుక్క, ఒంటి నిండా పుండ్లు, ముందు ముందు చలికాలం. అడవిలో వదలడమంటే ఏమిటో మాకందరికీ తెలుసు. ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు.

మర్నాడు బాపే మమ్మల్ని ఆటోలో ఎక్కించుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడ ఉన్నది వయసులో చిన్నదైన ఒక డాక్టరమ్మ. బ్లేడుతో నల్లపిల్ల చర్మం పైపైన గీకి, ఆ పొట్టును అద్దం మీద వేసి, నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది. కాళ్లు పొట్టిగా, గుండ్రంగా ఒక పురుగు కదులుతోంది. మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసినది అదే! నేను అవ్వను కూడా చూడమన్నాను. అవ్వ కన్ను ఆనించి చూసి, "ఓసి నీ పాడుగాను, గింత లేవు" అని దాన్ని నేరుగా తిట్టింది.

"దీనికి సూది మందున్నది గాని అవ్వా, ఇది కడుపుతోని ఉన్నది. ఇప్పుడిచ్చే ధైర్యం నేను చెయ్య. ఈనినంక తీస్కరా, చూద్దం" అంది డాక్టరమ్మ. "అందాక నువ్వు చేస్తున్నదే చెయ్యి. కానుగ నూనె మంచిదే, మా అమ్మమ్మ గూడ గదే పూస్తుండె. కానీ తగ్గి మల్ల ఎందుకొస్తున్నదో చెప్పు. ఇది ఏడ పంటది?"

నేనే చెప్పాను, గొంగడి మీద అని.

"ఇంకేంది మరి! పురుగులు గొంగడిల దాస్కుంటయ్. ఒంటి మీదివి నువ్వు చంపుతున్నవ్, అండ్లకెల్లి కొత్తవి ఎక్కుతున్నయ్. దాన్ని మసిలే నీళ్లల్ల ఉడకబెట్టాలె, లేకుంటే కాలబెట్టాలె."

అవ్వ లేచి కుక్కను లాక్కుంటూ బయటికి వచ్చేసింది. ఆటోలో దారిపొడవునా డాక్టరమ్మను తిట్టింది. బజారులోని ఆడవాళ్లు కీడని చెప్పి తీసేయమన్న గొంగడినే, చదువుకున్న పిల్ల పురుగులని చెప్పి తీసేయమంది. ఎవరి మాట విన్నా బజారు నోరే గెలిచినట్టవుతుంది. అవ్వకు ఆ మంట ఒకటి. అసలు మంట వేరు. గొర్రెబొచ్చు మసిలే నీళ్లలో పడితే ముడుచుకుపోతుంది, గంజి కరిగిపోతుంది, వాసన అన్నది మిగలదు. కాపరి ఇంటి ఆడమనిషికి ఈ సంగతి వేరే ఒకరు చెప్పక్కర్లేదు.

ముందు ఒక ఉపాయం చేసింది. గొంగడిని సంచిలో మూటగట్టి అటక మీద పెట్టి, నల్లపిల్లకు పాత చీర పరిచింది. అది చీర మీద కాలు పెట్టలేదు. ఇల్లంతా వాసన పట్టుకుంటూ తిరిగింది, అటక కింద నిలబడి కుయ్యోమని ఏడ్చింది. జొన్నరవ్వతో కాచిన గట్క పోస్తే ముట్టలేదు, పచ్చిపులుసు అన్నం పెట్టినా ముట్టలేదు. చివరికి అటక కిందే నేల గీరుకుంటూ పడుకుంది. పొట్ట నేలకు ఆని ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అవ్వ చూసి చూసి గొంగడి దించింది. అది గొంగడి మీద పడుకుని గిన్నెడు గట్క తాగింది. మళ్లీ గోక్కోవడం మొదలైంది.

సంతకు ముందు రోజు బడికి సెలవు. నేను లేచేసరికి వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెళ్లిళ్లకు వాడే పెద్ద గంగాళం ఉంది. దాని నిండా నీళ్లు, నీళ్ల మీద వేపాకు. అవ్వ ఒళ్లో గొంగడి పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. నీళ్లు మసులుతున్నా కదలడం లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"వానల గొర్రె ఈనితే మీ తాత ఏం జేస్తుండెనో ఎరికేనా?" అంది, నా వైపు చూడకుండానే. "పిల్లకు గొంగడి గప్పి, తను తడుసుకుంట వస్తుండె. నేను తిడుతుంటి, జ్వరమొస్తదని. పిల్ల బతికింది సూడు అంటుండె." ఒళ్లోని గొంగడి మడత సర్దింది. "ఆయన ఉంటే గొంగడి సూసుకుంటుండెనా, దీన్ని సూసుకుంటుండెనా?"

"దీన్నే అవ్వా" అన్నాను. నల్లపిల్ల మా మధ్యే పడుకుని ఉంది.

అవ్వ గొంగడిని మొహానికి ఆనించుకుని ఒక్కసారి, చాలా పొడుగ్గా, గాలి పీల్చింది. తర్వాత తీసుకెళ్లి తన చేతులతోనే గంగాళంలో వేసింది. కర్రతో అదిమింది. నీళ్లు నల్లబడ్డాయి. గొర్రెల వాసన, చుట్ట వాసన, అంతా ఆవిరితో పైకి లేచి బజారంతా కమ్మింది. ఒక్క నిమిషం తాత చెలక నుంచి ఇంటికి వచ్చినట్టే ఉంది. ఆ వెంటనే వేపాకు వాసన తప్ప ఏమీ లేదు.

బాగా ఉడికాక అవ్వా నేనూ కర్రలతో పైకి తీశాం. తాత నిలువెల్లా కప్పుకున్న గొంగడి నా లంగా అంత అయింది. అవ్వ దాన్ని అటూ ఇటూ లాగి చూసింది. సాగలేదు. అక్కడే వాకిట్లో కూలబడి శోకం అందుకుంది.

తాత పోయిన రోజు అవ్వ ఏడవలేదు. వానలో మంద చెదిరిపోతే గొర్రెలను తోలుకురావడానికి తానే పరుగెత్తింది. మొగుడు పోతే శోకం తీయని ఆడది అని ఊరు చాలా రోజులు చెప్పుకుంది. ఆ రోజు దాచిన ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. "ఓ నా ఇంటాయనా... నిన్ను గప్పింది గింతయిపాయెనా... ఏ వానకు తడ్వనిది నా చేతుల్లనే తడిసెనా... నీ వాసనొక్కటి నాకుంచుకుంటే అదీ పొగలవడి పాయెనా..." అని మాటలు కట్టి, గొంతెత్తి ఏడ్చింది. ఎవరో పోయారనుకుని బజారులోని ఆడవాళ్లంతా ఉరికొచ్చారు. గొంగడి తీసేయమని పోరిన వాళ్లే ముందు వచ్చారు. సంగతి తెలిసి ఎవరూ నవ్వలేదు, "మేం చెప్పలేదా" అనలేదు. అవ్వ మెడ మీద చేయి వేసి కూర్చుని వాళ్లూ శోకం తీశారు. మా అమ్మ అవ్వ తల తన ఒళ్లో పెట్టుకుంది. చిచ్చా గోడ అవతల నిలబడి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఏడవడం అయ్యాక అవ్వ ముక్కు చీది, లేచి, ఆ చిన్న గొంగడిని గోడ మీద ఆరేసింది. "ఇగ జేసింది సాలు, నూనె సీసా తే" అంది నాతో. బాపు ఆటో దగ్గర నిలబడి ఉన్నాడు. సంత మాట ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

నా దురద పోయింది. నల్లపిల్లకు ఈసారి తగ్గినది మళ్లీ రాలేదు. గొంగడి ఉడికినందుకా, నూనె పనిచేసినందుకా అంటే నేను తేల్చి చెప్పలేను. ఆ పురుగును కళ్లతో చూసినదాన్ని కాబట్టి రెండూ కావాలనే అంటాను. పాత వాసన పోయినా, చలి మొదలైనప్పుడు అది ఆ గొంగడి మీదే ఈనింది. బొద్దుగా ఉన్న పిల్లలు, ఒక్కదానికీ గజ్జి అంటలేదు. పోయినోడి గొంగడి ఇంట్లోకి మళ్లీ తెచ్చిందని ఆడవాళ్లు ఒకటి రెండు రోజులు గొణిగి, తర్వాత పిల్లలను చూడటానికి వాళ్లే రావడం మొదలుపెట్టారు.

ఇన్నేళ్లలో నేను చాలామంది ధైర్యవంతులను చూశాను. పోయిన మనిషి తాలూకు మిగిలిన ఒక్కగానొక్క దాన్ని, బతికి ఉన్న ఒక కుక్క కోసం మసిలే నీళ్లలో వేసి, అది పోయినందుకు ఊరంతా వినేలా ఏడ్చి, ఆ ఏడుపుకు సిగ్గుపడకుండా లేచి పనిలో పడ్డ మనిషిని మళ్లీ చూడలేదు. మా అవ్వను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. నేనైతే ఆ పని చేయగలిగేదాన్నో లేదో తెలియదు.

పిల్లలు కళ్లు తెరిచిన రోజుల్లో ఒక పొద్దున అవ్వ అరుగు మీద వంగి, గొంగడి అంచు మొహానికి ఆనించుకుని ఉంది. నేను వెనక నుంచి చూసి భయపడ్డాను, మళ్లీ ఏడుస్తుందేమోనని.

"ఏం వాసనొస్తాందవ్వా?" అన్నాను.

అవ్వ ఈసారి నన్ను బడికి తరమలేదు. గొంగడి అంచు నా ముక్కు దగ్గర పెట్టి, మొహమంతా నవ్వుతో, "పాల వాసనొస్తాందే" అంది.